కల్ అనే ఫోల్డరు

మా ఆఫీసుకు మొదటిసారి వచ్చేవాళ్లకు ఫోన్‌లో దారి చెప్పడం నా పని. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాటి రండి, చెప్పుల దుకాణాల వరసలో మూడో సందు, కింద చెప్పులు, పైన మేము. నాంపల్లి స్టేషన్ దిక్కు నుంచి వచ్చేవాళ్లకు ఇదే దారిని తిరగేసి చెబుతాను. అయినా సగం మంది చెప్పుల దుకాణంలోకే పోతారు. దుకాణం ఆయన పాపం విసుక్కోకుండా మెట్ల వైపు చెయ్యి చూపించి, "పాత కాయితాలా? పైకి పోండ్రి" అంటాడు.

పాత కాగితాలే మాకు అన్నం పెడతాయి. ఉర్దూలో రాసిన ఇంటి దస్తావేజులు, బడి సర్టిఫికెట్లు, వీలునామాలు, పెళ్లి కాగితాలు తీసుకుని తెలుగులోకో ఇంగ్లీషులోకో మార్చి ముద్ర వేసి ఇస్తాం. నాంపల్లి కోర్టులకు వెళ్లేవాళ్లు, లక్డీకాపూల్ ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు మా దగ్గర ఆగి వెళ్తారు. ఉన్నది ముగ్గురం. మేడం యజమాని. వాళ్ల నాన్న పెట్టిన ఆఫీసును ఆమె నడుపుతున్నారు. టైపు, కంప్యూటరు, ఫోన్లు, వచ్చినవాళ్లతో వాదనలు నా వంతు. వాదనల్లో నాకు మంచి పేరే ఉంది. నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లోవాళ్లు అంటారు, నేను కాదనను.

మూడో మనిషి పెద్దసార్. అనువాదమంతా ఆయనదే. డెబ్బై దాటిన మనిషి. పాత హైదరాబాదు హిందూ కుటుంబం. ఇంట్లో తెలుగు, బళ్లో ఉర్దూ, వీధిలో రెండూ కలిపి పెరిగారు. వందేళ్ల నాటి గుమాస్తా గొలుసుకట్టు రాత, చుక్కలు కూడా సరిగ్గా పెట్టకుండా బరికినది, ఆయన ముందు పెడితే పేపరు చదివినట్టు చదివేస్తారు. చదువుతూ మధ్యలో ఆగి, "గీ గుమస్త పెండ్లికి పోయేదున్నట్టుంది బిడ్డా, తొందర తొందరగ గీకిండు" అంటారు. నాకు ఆ అక్షరాలు ఒక్కటీ రావు. ఆయన తెల్లకాగితం మీద తెలుగులో రాసిస్తే నేను టైపు చేస్తాను.

రెండేళ్ల కిందట మేడం మెయిళ్లు చూసుకునే ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చారు. మెయిల్ రాగానే అది సబ్జెక్టులో ఉన్న మాట చూసి, వెంట వచ్చిన స్కాన్‌ను తీసి, మనం చెప్పిన ఫోల్డరులో పెడుతుంది. ఏ మాటకు ఏ ఫోల్డరో ముందుగా నియమాలు రాసిపెట్టాలి. నేనే రాశాను. ఒక్కో నియమంలో ఫోల్డరు చిరునామా మొత్తం రాయాలి: ఏ డ్రైవు, దాని లోపల ఏ ఫోల్డరు, దాని లోపల ఏ సంవత్సరం, దాని లోపల ఏ రకం కాగితం, నడుమ వాలు గీతలు. గీత అటు వాలాల్సింది ఇటు వాలితే ఎర్ర అక్షరాల్లో తిట్టు వస్తుంది. అట్లాంటివి నలభై దాకా రాశాక పాత కంప్యూటరు పాడైంది. కొత్తదాంట్లో ఫోల్డర్లన్నీ వేరే డ్రైవులోకి చేరాయి. నలభై నియమాలూ ఒక్కసారే తప్పులయ్యాయి. ఒక్కొక్కటి తెరిచి దిద్దుతుంటే తల ప్రాణం తోకకు వచ్చింది. తొమ్మిదోదాని దగ్గర మౌస్‌ను బల్లకేసి కొట్టాను. కొత్త మౌస్ తెప్పించాల్సి వచ్చింది.

కొత్త మౌస్ వచ్చేదాకా చేసేదేం లేక ఆ సాఫ్ట్‌వేర్‌తో ఇచ్చిన పుస్తకం చదివాను. అప్పుడు తెలిసింది, ఫోల్డరుకు ఒక పొట్టి పేరు పెట్టుకోవచ్చని. ఒక పట్టికలో పొట్టి పేరు, దాని పక్కన అసలు చిరునామా రాసుకోవాలి. నియమాల్లో అంతటా పొట్టి పేరు వాడితే చాలు. ఫోల్డరు ఎక్కడికి మారినా ఆ పట్టికలో ఒక్కచోట దిద్దితే నియమాలన్నీ దారి తెలుసుకుంటాయి. ఖైరతాబాద్‌లో మేం కిరాయికి ఉండే గల్లీ మలుపును అందరూ పిండిగిర్ని అంటారు. గిర్ని మూతపడి ఎన్నో ఏళ్లయింది, అక్కడిప్పుడు మొబైల్ దుకాణం. ఆటోవాళ్లకు ఇప్పటికీ పిండిగిర్ని అంటేనే తెలుస్తుంది. కంప్యూటరుకు కూడా ఆ మాత్రం ఇంగితం ఉందని తెలిసి దాని మీద నాకు మొదటిసారి మర్యాద కలిగింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేడం పెద్దసార్‌ను పిలిచి ఒక మాట అన్నారు. నేను అక్కడే ఉన్నాను.

"సార్, మెయిల్ల వచ్చిన పని మెయిల్లనే నడవాలె. ఏ కాయితం ఎక్కడున్నదో మిమ్ముల అడిగితెనే తెలుస్తది అంటే ఆఫీసు ఎట్ల నడుస్తది? మూడు నెలలు చూస్త. కాకపోతే నేను వేరే చూసుకోవాలె."

వేరే అంటే ఇంట్లో కూర్చుని అనువాదం చేసి పంపేవాళ్లు. అట్లాంటి ఇద్దరితో ఆమె అప్పటికే మాట్లాడారు. ఆ ఫోన్లు కలిపింది నేనే కాబట్టి నాకు తెలుసు. మేడం చెడ్డవారేం కాదు. రెండుసార్లు కాగితాలు కనబడక వచ్చినవాళ్ల చేత మాటలు పడ్డారు, అంతే.

పెద్దసార్ తల ఊపి తన బల్ల దగ్గరికి పోయారు. మధ్యాహ్నం డబ్బా తినేటప్పుడు నాతో అన్నారు. "ఇంట్ల గీ అక్షరాలు చదివేటోళ్లు ఒక్కరు లేరు బిడ్డా. ఈడికొచ్చి కూసుంటెనే నేను చదువుకున్నోన్ని. ఇంటికాడ ఉత్త ముసలోన్ని."

ఆ మాట విన్నాక నేర్పాలనే పట్టుదల నాకే ఎక్కువైంది. ఫోల్డరు తెరవడం నేర్పడానికి వారం పట్టింది, రాలేదు. ఒక కిటికీ మీద ఇంకో కిటికీ తెరిచి, దాని మీద ఇంకోటి తెరిచి, తను ఎక్కడున్నారో తనకే తెలియక నా వైపు చూసేవారు. నేను అరిచేదాన్ని. అరిచి, చాయ్ తెప్పించి, మళ్లీ అరిచేదాన్ని. మెయిల్ తెరవడం, దాన్ని ఇంకొకరికి పంపడం మాత్రం ఆయనకు బాగా వచ్చు. మనవరాలికి పండుగ శుభాకాంక్షలు పంపి పంపి అలవాటైంది.

అది గుర్తొచ్చి నాకు ఉపాయం తట్టింది. ఆయన ఫోల్డరు దాకా పోవడమెందుకు? వచ్చిన మెయిల్‌ను సబ్జెక్టులో ఒక్క మాట రాసి మళ్లీ ఆఫీసు చిరునామాకే పంపితే సాఫ్ట్‌వేరే దాన్ని మోసుకుపోయి ఆ పేరున్న ఫోల్డరులో పెడుతుంది కదా! నేను పెట్టిన పొట్టి పేర్లు చూపించాను: ఇన్ ఒకటి, పెండింగ్ రెండు, ఔట్ మూడు.

ఆయన ముఖం చిట్లించారు. "గివేం పేర్లు బిడ్డా? నాంపల్లి స్టేషన్ల ప్లాట్‌ఫారాల లెక్కున్నయి. మన డబ్బాలకు పేర్లు లెవ్వా?"

ఉన్నాయి. ఆయన బల్ల మీద మూడు చెక్క ట్రేలున్నాయి, వాటిని ఆయన డబ్బాలంటారు. మొదటిది ఆమద్, అంటే కొత్తగా వచ్చినవి. చివరిది రవానా, అంటే పంపాల్సినవి. నడిమిది కల్. మేడం వాళ్ల నాన్న కాలం నుంచి అవే పేర్లు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మూడు పేర్లే పట్టికలో ఎక్కించాను. ఎక్కించిన రోజే మేడం తెర చూసి, "ఈ రావణాసురుడు ఎవరు ఆఫీసుల?" అని అడిగారు. రవానాను ఇంగ్లీషులో రాస్తే అట్లా అయింది. పెద్దసార్ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. రావణుడిని అట్లాగే ఉంచేశాం.

ఆమద్ ఏదో రావణుడు ఏదో తేలికగానే తేలింది. కల్ దగ్గర చిన్న పేచీ. ఆ మాటకు నిన్న అనీ అర్థమే, రేపు అనీ అర్థమే. వెనక వచ్చే క్రియను బట్టి ఏదో తెలుస్తుంది. మెదక్ దిక్కు పల్లె నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో బతుకుతున్నాను, ఆ సంగతి నాకు తెలియక కాదు. "కల్‌ల ఏమేం వేస్తరు సార్?" అని అడిగాను. ఆయన భూతద్దం కింద ఏదో పాత ముద్ర చూస్తున్నారు. "కల్ అంటే కల్ బిడ్డా" అన్నారు.

మళ్లీ అడగాల్సింది. అడగలేదు. నాకు తెలుసుకదా అనుకున్నాను. రోజూ పొద్దున ఆయన బల్ల తుడిచేది నేనే. ఆ నడిమి ట్రేలో ఎప్పుడు చూసినా ముందురోజు మా చేతికి వచ్చిన కాగితాలే ఉంటాయి. ముందురోజువి అంటే నిన్నటివి, పని అయిపోయి మిగిలినవి, ఇంక దీనికి పంచాయితీ ఎందుకు? కల్ అనే పేరు పక్కన, పని అయిపోయిన కాగితాలుండే ఫోల్డరు చిరునామా రాసేశాను.

రెండు నెలలు బంగారంలా నడిచింది. ఆయన ఒక వేలితో ఆమద్ అని కొట్టి పంపడం, నేను పొద్దున్నే ఆ ఫోల్డరు తెరిచి అన్నీ ప్రింటు తీసి ఆయన ముందు పెట్టడం. పని అయ్యాక ఆయన రావణుడి పేరు రాసి పంపితే నేను కవర్లు తయారు చేయడం. మేడం అడిగిన ఏ కాగితమైనా క్షణంలో చూపించేదాన్ని. కల్ అనే పేరుతో పనే పడలేదు, ఎందుకంటే తొందర పనులవాళ్లు మెయిల్‌ను నమ్మక మెట్లెక్కి చేతికే ఇచ్చేవారు. మూడో నెల సగానికి వచ్చింది. మేడం ఒకరోజు, "పర్వాలేదు, సార్ నేర్చుకున్నరు" అన్నారు. నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. ఆ రోజు దిగేటప్పుడు కింద దుకాణంలో నాకు నేనే ఒక జత చెప్పులు కొనుక్కున్నాను.

తరవాతి వారం ఒక పొద్దున బషీర్‌బాగ్ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం తన తల్లి ఇంటి దస్తావేజు స్కాన్ చేసి మెయిల్ పంపిందట. పదకొండు గంటలకు నాంపల్లి కోర్టులో అనువాదం ఇవ్వాలి. "అయిందా అమ్మా?" అంది, అయిందనే నమ్మకంతో.

పెద్దసార్ బల్ల మీద అది లేదు. ఆమద్ ఫోల్డరులోనూ లేదు. గోడ గడియారంలో పది దాటింది. "నిన్ననే పంపిన బిడ్డా" అన్నారాయన మెల్లగా. టీచరమ్మ ముఖం వాడిపోయింది. గొంతులు విని మేడం తన గదిలోంచి వచ్చారు.

నేను అన్ని ఫోల్డర్లూ వెతికాను. చివరికి దొరికింది, పని అయిపోయిన కాగితాల్లో. నా నోరు ఆగలేదు. టీచరమ్మ ముందే, మేడం ముందే, "ఏం రాసి పంపుతున్నరో చూసుకోవద్దా సార్? గిన్ని దినాలు నేర్పిన కదా!" అని గట్టిగా అనేశాను.

"అయిపోయినవాట్ల ఎట్ల వడ్డది సార్?" అని మేడం అడిగారు.

ఆయన తెర వైపు చూశారు. తరవాత నా వైపు చూశారు. "నాదే పొరపాటమ్మా" అన్నారు. "ముందుగాల గామె పని కానియ్యండ్రి."

కుర్చీ నా పక్కకు లాక్కుని, తెర మీది ఆ గొలుసుకట్టు రాతను చదువుతూ నేరుగా తెలుగులో చెప్పుకుంటూ పోయారు. కాగితం మీద రాయనే లేదు. తూర్పున ఫలానా వారి గోడ, పడమర నడక దారి, ఉత్తరాన వేపచెట్టుతో కూడిన ఖాళీ జాగా అని హద్దులు ఒక్కొక్కటి చెబుతుంటే నా వేళ్లు వెంట పరుగెత్తాయి. ఎక్కడా తడబడలేదు, ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు. ముప్పావుగంట పట్టలేదు. ముద్ర ఆరకముందే టీచరమ్మ కాగితాలు పట్టుకుని మెట్లు దిగి ఆటో ఎక్కింది. పన్నెండింటికి ఫోన్ చేసి, కోర్టులో తీసుకున్నారని చెప్పింది.

అయినా మేడం మనసు విరిగింది. మధ్యాహ్నం నన్ను గదిలోకి పిలిచి, "నెలాఖరుదాక ఎందుకు, రేపు సార్‌కు చెప్పేస్త. నువ్వు కండ్లార చూసినవ్ కదా" అన్నారు. నేను, "మీ ఇష్టం మేడం" అన్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. నాకు బాధ కలిగింది నిజమే, కానీ దానికన్నా ముందు, పోనీలే నా నియమాల్లో తప్పేమీ లేదు అనే నిమ్మళం కలిగింది.

మామూలుగా నేను అయిదింటికి బయల్దేరి మెట్రో పట్టుకుంటాను. ఆ రోజు పొద్దుటి గొడవతో పనులు వెనకబడి ఆరు దాకా ఉండిపోయాను. ఆరు కావస్తుంటే పెద్దసార్ కలం మూత పెట్టారు. ఆ సాయంత్రమే వచ్చిన రెండు కాగితాలు ఎత్తి, నడిమి ట్రేను అరచేత్తో తుడిచి, అందులో పెట్టారు. ఇన్నేళ్లలో ఆయన ఆ ట్రే నింపగా నేను చూడటం అదే మొదలు. నేను చూసేది ఎప్పుడూ పొద్దున పూట.

"సార్, అవి ఇప్పుడొచ్చినవి కదా. కల్‌ల ఎందుకు పెడుతున్నరు?"

"రేపు ఇయ్యాల్సినవి బిడ్డా. పొద్దుగాల రాంగనే కండ్ల పడాలె గద."

ఆయన సాయంత్రం రేపటివని పెట్టిన కాగితాలనే నేను పొద్దున నిన్నటివని చూస్తూ వచ్చాను. ఇద్దరమూ అదే ట్రేను చూశాం, అదే మాట అన్నాం. మనిషి నోట్లో అయితే కల్ వెనక క్రియ వస్తుంది, అర్థం తేలుతుంది. ఫోల్డరు పేరుకు క్రియ ఎక్కడుంటుంది? ఆయన రేపటికి కావాలని సరిగ్గా రాసి పంపిన దస్తావేజును నా పట్టిక తీసుకుపోయి నిన్నటి గుట్టలో పడేసింది.

మేడం సంచి భుజానికి వేసుకుంటున్నారు. ఆమెను ఆపి, తెర ముందు కూర్చోబెట్టి చెప్పాను. తప్పు నాది. ఆయన రాయాల్సిన మాటే రాశారు, ఆ మాట ఎటు చూపాలో నిర్ణయించింది నేను, అడగకుండా నిర్ణయించాను. పొద్దున అందరి ముందు అరిచింది కూడా నేనే. చెబుతూనే ఆ పట్టికలోంచి కల్‌ను తీసేసి రేపు అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, పక్కన చిరునామా మార్చాను. తొందరలో రెండుసార్లు తప్పు పడింది.

మేడం పట్టికలో ఆ వరస మీద వేలు పెట్టి చదివారు. "సార్‌ను పిలువు. నువ్వు బయటుండు" అన్నారు.

బయట నిలబడలేక మెట్లు దిగి సందులో నిలబడ్డాను. పది నిమిషాలకు ఆయన దిగి వచ్చారు. అప్పటిదాకా పట్టుకున్న ఏడుపు నాకు కోపంగా బయటికి వచ్చింది. నాకు ఏదైనా అట్లాగే వస్తుంది.

"మీ తప్పు కాదని మీకు పొద్దుగాలనే తెలుసు కదా? తెర చూడంగనే తెలిసింది మీకు. మరి నాదే పొరపాటని ఎందుకన్నరు? నా తప్పు మీరెందుకు మీదేసుకున్నరు? అడిగిన్నా నేను?"

"జర మెల్లగ బిడ్డా, చెప్పుల దుకాణపాయన వింటుండు." చొక్కా జేబులోంచి కళ్లద్దాల డబ్బా తీసి, కళ్లద్దాలు అందులో పెట్టి మూశారు. "నన్ను వద్దంటే నేను ఇంటికి వోత. నిన్ను వద్దంటే నువ్వెటు వోతవ్? ఇద్దరు పిల్లలు సదువుకుంటున్నరు నీకు. నేనెట్లన్న రేపో మాపో ఇడిసిపెట్టెటోన్నే."

అందరి ముందు నేను మాట విసిరిన మనిషి, ఆ క్షణంలోనే నా పిల్లల చదువు లెక్క వేసుకున్నాడు. ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో అంత సిగ్గూ పుట్టింది.

"మేడం ఏమన్నరు?" అని అడిగాను.

"ఇంటికి వో బిడ్డా, పిల్లలు చూస్తుంటరు" అని స్టేషన్ వైపు నడిచి వెళ్లిపోయారు.

మరునాడు మామూలుకన్నా ముందే వచ్చాను. పదింటికి మేడం వచ్చి తాళం తీసే వరకూ మేమిద్దరం మెట్ల మీద నిలబడటం ఎన్నేళ్లుగానో అలవాటు. ఆ పొద్దున మెట్ల మీద ఆయన లేరు. పైకెక్కితే తలుపు బార్లా తెరిచి ఉంది. కిటికీలు తెరిచి ఉన్నాయి, ఫ్యాను తిరుగుతోంది. ఆయన తన కుర్చీలో కూర్చుని, నేను తుడవాల్సిన బల్లను తనే తుడుచుకుంటున్నారు.

"మేడం తాళంచెవి నాకిచ్చింది బిడ్డా" అన్నారు. "పొద్దుగాల నేనే తియ్యాల్నట."

"ఇయ్యాల ఒక్కనాడేనా?" అన్నాను.

"రోజూ" అన్నారాయన.